పెద్ద ఫైళ్ల దగ్గర ఆగిపోతున్న ఆర్‌సింక్, రోజూ మళ్లీ వెళ్తున్న జూలై ఫోల్డర్లు: సాయం కావాలి

పాతపత్రికలు (విజయవాడ)

అందరికీ నమస్కారం. పాత తెలుగు వారపత్రికలు, మాసపత్రికలు సేకరించి స్కాన్ చేసి దాచే చిన్న బృందం మాది. ఆఫీసులో ఒక ఉబుంటు సర్వర్ ఉంది. అందులో దాదాపు 6 టీబీ టిఫ్, పీడీఎఫ్ ఫైళ్లు. రెండో కాపీ హైదరాబాద్‌లో మా సభ్యుడి ఇంట్లో ఉన్న సర్వర్‌లో పెట్టాలని పని మొదలుపెట్టాం. రెండు చోట్లా 100 ఎంబీపీఎస్ ఫైబర్, రెండిటి మధ్య వైర్‌గార్డ్ టన్నెల్ (ఇంటర్నెట్ మీద ఎన్‌క్రిప్ట్ చేసిన సొంత దారి). రాత్రి 11 గంటలకు క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపేది) ఆర్‌సింక్ (మారిన ఫైళ్లను ఇంకో చోటికి కాపీ చేసే ప్రోగ్రామ్) నడుస్తుంది.

ఇబ్బందులు ఇవీ. ఆర్‌సింక్ మొదలవుతుంది, ఫైళ్ల జాబితా వస్తుంది, మొదటి పెద్ద టిఫ్ దగ్గర 32,768 బైట్లు, 0 శాతం అని చూపించి అక్కడే ఉండిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు. పొద్దున వచ్చి చూసినా అదే అంకె. చిన్న టెక్స్ట్ ఫైల్ పంపితే మాత్రం క్షణంలో వెళ్తుంది.

ఆఫీసు లోపల ఇంకో తలనొప్పి. పేర్లు పెట్టే పని విండోస్ లాప్‌టాప్‌లో, రంగులు సరిచేసే పని పాత మాక్‌లో జరుగుతుంది. మాక్ నుంచి మధ్యాహ్నం, లాప్‌టాప్ నుంచి రాత్రి 8కి సర్వర్‌కు సింక్ అవుతాయి. లాప్‌టాప్ సింక్‌లో జూలై సంచికల ఫోల్డర్లు రోజూ మొదటి నుంచీ వెళ్తున్నాయి. మిగతా పదకొండు నెలలకూ ఏ సమస్యా లేదు.

కొన్ని ఫైళ్లకు "పేరు మరీ పొడవుగా ఉంది" అన్న ఎర్రర్ కూడా వస్తోంది. చూస్తే పేరు అంత పొడవేమీ కాదు.

ఈ పత్రికల్లో కొన్నిటికి ఇంకో ప్రతి ఎక్కడా దొరకలేదు. కాగితం ముట్టుకుంటే పొడి అవుతోంది. అందుకే రెండో కాపీ ఎప్పుడు పూర్తవుతుందా అని టెన్షన్‌గా ఉంది.

ఫైబర్_మిత్ర (గుంటూరు)

రాత్రి 11కి అందరూ వీడియోలు చూసే సమయం కదండీ. క్రాన్‌ను తెల్లవారుజాము 3కి మార్చి, బ్యాండ్‌విడ్త్ పరిమితి 5 ఎంబీకి పెట్టి చూడండి. మా దగ్గర అలానే సర్దుకుంది.

ఓరుగల్లు_రూట్ (వరంగల్)

రద్దీ వల్ల నెమ్మదిస్తుందే తప్ప 32,768 దగ్గర బిగుసుకుపోదు అన్నా. అది ఆర్‌సింక్ చదివిన మొదటి 32 కేబీ ముక్క. ఆ ముక్కను సాకెట్‌కు అప్పజెప్పింది, అవతలి నుంచి జవాబు రావడం లేదు అని అర్థం. చిన్నవి దాటి పెద్దవి ఇరుక్కుంటే నేను ముందు అనుమానించేది ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు.

పాతపత్రికలు గారూ, మీరు చెప్పినవి మూడు వేరువేరు సమస్యల్లా ఉన్నాయి. అన్నిటికీ ఒకటే మందు వెతకొద్దు. మొదటిదాని కోసం ఈ వివరాలు పెట్టండి: వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ ఎంత? రూటర్ పీపీపీఓఈతో (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) కనెక్ట్ అవుతోందా? టన్నెల్ అవతలి చిరునామా ఐపీవీ4నా, ఐపీవీ6నా? తర్వాత విజయవాడ నుంచి హైదరాబాద్ టన్నెల్ చిరునామాకు, ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో, 1392 బైట్ల పింగ్ ఒకటి, 1372 బైట్ల పింగ్ ఒకటి కొట్టండి.

పాతపత్రికలు

ఎంటీయూ 1420, వైర్‌గార్డ్ తనంతట తానే పెట్టుకున్నది. రెండు చోట్లా పీపీపీఓఈనే. ఐపీవీ4లో సొంత పబ్లిక్ చిరునామా ఇవ్వలేదు, సీజీనాట్ (ఒకే పబ్లిక్ చిరునామాను చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నాం. అందుకే టన్నెల్ ఐపీవీ6 మీద పెట్టాం. 1372 పింగ్‌కు జవాబు వస్తోంది. 1392కు ఏమీ రావడం లేదు, ఎర్రర్ కూడా లేదు.

ఓరుగల్లు_రూట్

దొరికింది. లెక్క చూడండి. పింగ్‌కు 28 బైట్ల హెడర్లు కలుస్తాయి కాబట్టి 1392 అంటే 1420 ప్యాకెట్, 1372 అంటే 1400. ఈథర్నెట్‌లో ప్యాకెట్ గరిష్ఠం 1500 బైట్లు. పీపీపీఓఈ అందులో 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. ఐపీవీ6 మీద వైర్‌గార్డ్ తన హెడర్లకు 80 తీసుకుంటుంది, మిగిలేది 1412. మీ ఇంటర్‌ఫేస్ మాత్రం 1420 బైట్ల ప్యాకెట్లు పంపుతోంది. అవి బయటికొచ్చేసరికి 1500 అవుతాయి, 1492 దారిలో పట్టవు. ఐపీవీ4 మీద అయితే హెడర్లకు 60 బైట్లే కాబట్టి ఇదే 1420 చక్కగా పట్టేది. అందుకే చాలామందికి ఈ ఇబ్బంది కనిపించదు.

ఐపీవీ6లో దారి మధ్యలోని రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. "ప్యాకెట్ మరీ పెద్దది" అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ ఇబ్బందులు తెలియజేసే) సందేశం వెనక్కి పంపి ఊరుకుంటాయి. ఆ సందేశాన్ని ఏ ఫైర్‌వాల్ అయినా అడ్డుకుంటే పంపినవాడికి సంగతే తెలియదు, అదే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటాడు. చిన్న టెక్స్ట్ ఫైల్ చిన్న ప్యాకెట్లలో సరిపోతుంది కాబట్టి వెళ్లిపోతుంది. నిండు ప్యాకెట్ బయల్దేరిన మరుక్షణం అంతా ఆగిపోతుంది.

రెండు చివరలా వైర్‌గార్డ్ కాన్ఫిగ్‌లో ఎంటీయూ 1400 అని రాసి టన్నెల్‌ను మళ్లీ లేపండి. ఒక చివర మాత్రమే మార్చి వదిలేయొద్దు, రెండూ ఒకేలా ఉండాలి. రూటర్లో ఐసీఎంపీవీ6 మొత్తం బ్లాక్ చేసి ఉంటే అది కూడా తీసేయండి. భద్రత కోసమని చాలామంది అలా బ్లాక్ చేస్తారు, కానీ ఐపీవీ6 ఆ సందేశాల మీదే బతుకుతుంది.

డాలస్_తెలుగోడు (టెక్సస్)

నాదీ ఇలాంటి బాధే కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంట్లోని సర్వర్ నుంచి ఇక్కడికి పెళ్లి వీడియోలు, పాత ఫొటోలు తెచ్చుకుంటున్నా. రెండు చోట్లా మంచి లైన్లే, పింగ్ 250 మిల్లీసెకన్లు. ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ చేసిన రిమోట్ లాగిన్) మీద ఆర్‌సింక్ సెకనుకు 8 ఎంబీ దాటడం లేదు. ఆగదు, కానీ అంతకు మించి పోదు. ఎంటీయూనేనా?

ఓరుగల్లు_రూట్

కాదు బ్రదర్. మీది దూరం సమస్య. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కో ఛానెల్‌కు లోపల 2 ఎంబీ విండో పెట్టుకుంటుంది. అంటే అవతలి నుంచి "అందింది" అనే మాట రాకుండా 2 ఎంబీ మించి దారిలో ఉంచదు. ఆ మాట రావడానికి మీకు పావు సెకను. సెకనుకు నాలుగు విడతలు, విడతకు 2 ఎంబీ, మొత్తం 8. మీరు చూస్తున్న అంకె సరిగ్గా అదే. ఒక గిగాబిట్ లైన్‌ను 250 మిల్లీసెకన్ల దూరంలో నింపాలంటే దారిలో దాదాపు 31 ఎంబీ ఉండాలి.

రెండు దారులున్నాయి. ఫోల్డర్లవారీగా నాలుగైదు ఆర్‌సింక్‌లు ఒకేసారి నడిపితే ఒక్కోదానికి వేరే ఎస్‌ఎస్‌హెచ్, వేరే విండో ఉంటాయి. లేదా మీకు టన్నెల్ ఎలాగూ ఉంటే, దాని లోపల ఎస్‌ఎస్‌హెచ్ లేకుండా 873 పోర్టులో ఆర్‌సింక్ డీమన్ (ఎప్పుడూ నడుస్తూ కనెక్షన్ల కోసం చూసే రూపం) నడపండి. ఎన్‌క్రిప్షన్ పని టన్నెల్ చూసుకుంటుంది. డీమన్‌ను టన్నెల్ చిరునామాకే కట్టేయండి, ఇంటర్నెట్‌కు తెరవొద్దు.

ప్యాకెట్లు కాస్త పోతున్నా దూరపు లైన్ దెబ్బతింటుంది. పదివేలలో ఒక ప్యాకెట్ పోతే చాలు, ఈ దూరంలో పాత పద్ధతి టీసీపీ ఒక్క కనెక్షన్‌కు 5, 6 ఎంబీపీఎస్ దగ్గరే తచ్చాడుతుంది. టీసీపీ పంపే వేగాన్ని నియంత్రించే పద్ధతిని, లినక్స్‌లో మామూలుగా ఉండే క్యూబిక్ బదులు బీబీఆర్‌కు మార్చి చూడండి, 4.9 కెర్నల్ నుంచీ ఉంది. పంపే వైపు, అంటే హైదరాబాద్ సర్వర్‌లో మార్చాలి.

కార్గో_కాపీ (రాజమండ్రి)

విజయవాడ మిత్రులకు ఒక మాట. 6 టీబీ, 100 ఎంబీపీఎస్ అంటే లైన్ మొత్తం మీకే ఇచ్చినా ఐదున్నర రోజులు. నిజంలో దానికి రెట్టింపు అనుకోండి. 8 టీబీ డిస్క్ కొని సర్వర్‌లోనే కాపీ చేసి ఆర్టీసీ కార్గోలో వేస్తే మర్నాటికి హైదరాబాద్‌లో ఉంటుంది. లేదా వెళ్లే మనిషి చేతికివ్వండి. తర్వాత రోజూ మారినవే ఆర్‌సింక్ పంపుతుంది. మా స్టూడియోలో కొత్త సర్వర్‌కు ఎప్పుడూ ఇలానే నింపుతాం.

డిస్క్‌ను ఈఎక్స్‌టీ4గా (లినక్స్ ఫైల్ సిస్టమ్) ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన పీడీఎఫ్ పట్టదు, పైగా అది టైమ్‌ను రెండు సెకన్ల మెట్టుతో దాస్తుంది. ఆర్‌సింక్ ఫైల్ మారిందో లేదో సైజు, మార్పు సమయం చూసే తేలుస్తుంది కాబట్టి ఒక సెకను తేడా వచ్చినా మొత్తం మళ్లీ చదువుతుంది. కాపీ కూడా ఆర్‌సింక్ ఆర్కైవ్ మోడ్‌లోనే చేయండి. మామూలు కాపీ కమాండ్‌తో చేస్తే టైములన్నీ ఈ రోజువి అవుతాయి, డిస్క్ పంపిన లాభం సగం పోతుంది.

భద్రత_ముందు (బెంగళూరు)

డిస్క్ పంపేటప్పుడు ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి, పోయినా మనసు కుదురుగా ఉంటుంది. చేరాక చెక్‌సమ్ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు అంకె) ఆప్షన్‌తో ఒకసారి మొత్తం పోల్చండి. డిస్క్ సెకనుకు 150 ఎంబీ చదివితే 6 టీబీకి 11 గంటలు పడుతుంది. రెండు వైపులా ఒకేసారి చదువుతాయి, నెట్ మీద వెళ్లేది చెక్‌సమ్‌లే.

పాతపత్రికలు

ఎంటీయూ రెండు వైపులా 1400 చేశాం. పెద్ద టిఫ్‌లు వెళ్తున్నాయి! సెకనుకు 10, 11 ఎంబీ వస్తోంది. ఓరుగల్లు గారికి మా బృందం అందరి తరఫునా ధన్యవాదాలు. డిస్క్ సలహా కూడా తీసుకుంటున్నాం, పాత సంపుటాలు దాంట్లో, కొత్తవి లైన్‌లో.

ఇక జూలై సంగతి. లాప్‌టాప్ లాగ్‌లో జూలై ఫైళ్లన్నిటి ముందూ వరసగా ప్లస్ గుర్తులు ఉన్నాయి. మధ్యాహ్నం మాక్ లాగ్‌లో జూలై ఫోల్డర్‌ను తొలగిస్తున్నట్టు ఉంది. హైదరాబాద్ సర్వర్‌లో చూస్తే "జూలై" అనే పేరుతోనే రెండు ఫోల్డర్లు కనిపిస్తున్నాయి. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఎలా ఉంటాయి?

భద్రత_ముందు

ముందు మాక్ సింక్‌లో డిలీట్ ఆప్షన్ (పంపే వైపు లేనివాటిని అవతల తుడిచేది) ఆపేయండి. ఈ పూటే ఆపండి. ప్లస్ గుర్తులు అంటే అవతల ఆ ఫైల్ లేనే లేదని అర్థం. టైమ్ తేడా మాత్రమే అయితే టీ అక్షరం ఒక్కటే కనిపించేది. ఎవరో ఒకరు రోజూ తుడుస్తున్నారు, ఇంకొకరు రోజూ నింపుతున్నారు. లాప్‌టాప్ పాడైన రోజున నింపేవాళ్లు ఉండరు.

లిపి_లోకం (తిరుపతి)

ఆ మాక్ డిస్క్ ఫార్మాట్ ఏమిటండీ? మాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్, అంటే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అయితే కారణం నాకు తెలుసు.

పాతపత్రికలు

అవును, అదే.

లిపి_లోకం

అయితే వినండి. ఇది తెలుగు ఫైల్ పేర్లు వాడేవాళ్లందరూ తెలుసుకోవాల్సిన విషయం.

యూనికోడ్‌లో ఐత్వానికి రెండు రూపాలున్నాయి. ఒకటి "ై" అనే ఒకే సంకేతం. రెండోది ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు, ఇలా రెండు సంకేతాలు పక్కపక్కన. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. యూనికోడ్ లెక్కలో అవి సమానమే. కానీ లినక్స్ ఫైల్ సిస్టమ్ అక్షరాలు చూడదు, బైట్లు చూస్తుంది. మొదటి రూపంలో "జూలై" 12 బైట్లు, రెండో రూపంలో 15 బైట్లు. దాని దృష్టిలో అవి వేరువేరు పేర్లు.

విండోస్‌లో మన కీబోర్డు కలిపిన రూపమే టైప్ చేస్తుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ దాన్ని అలాగే ఉంచుతుంది. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అలా కాదు, ప్రతి పేరునూ విడగొట్టి దాస్తుంది. లాప్‌టాప్ నుంచి మాక్‌లోకి కాపీ అయిన క్షణమే పేరు మారిపోయింది. మధ్యాహ్నం మాక్ సింక్ నడిచినప్పుడు సర్వర్‌లోని 12 బైట్ల జూలై దానికి తెలియని ఫోల్డర్, కాబట్టి తుడిచేస్తుంది. రాత్రి లాప్‌టాప్ సింక్ దాన్ని మళ్లీ నింపుతుంది. 15 బైట్ల జూలై అలానే ఉంటుంది. 11 గంటలకు హైదరాబాద్‌కు రెండూ వెళ్తాయి.

తెలుగు అక్షరాల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. ఇంగ్లిష్ నెలల్లో ఐత్వం ఉన్నది జూలై ఒక్కటే, అందుకే మిగతా పదకొండూ బతికిపోయాయి. మీ దగ్గర చైత్రం, వైశాఖం అని పెట్టిన పాత సంచికలుంటే అవీ చూడండి. హైదరాబాద్, చెన్నై, సైన్స్ అని ఉన్న పేర్లు కూడా.

నమ్మకం కోసం ఆ రెండు పేర్లనూ హెక్స్‌డంప్‌లో (బైట్లను అంకెలుగా చూపించే పనిముట్టు) చూడండి, తేడా కళ్లకు కనిపిస్తుంది.

పాతపత్రికలు

చైత్రం, వైశాఖం కూడా రెండేసి ఉన్నాయి! మేం గమనించనే లేదు. హెక్స్‌డంప్‌లో మీరు చెప్పినట్టే ఉంది. ఇప్పుడు ఏం చేయాలి? రెండు ఫోల్డర్లలోనూ మా వాళ్ల పని ఉంది.

ఫైబర్_మిత్ర

ఇంత గొడవ ఎందుకండీ. ఫైల్ పేర్లన్నీ ఇంగ్లిష్‌లోకి మార్చేస్తే ఏ సిస్టమ్‌లోనూ బాధ ఉండదు. సర్వర్లలో తెలుగు పేర్లు వాడకూడదనేది నా అభిప్రాయం.

లిపి_లోకం

గౌరవంగానే విభేదిస్తున్నాను. ఫ్రెంచి వాళ్లకూ కొరియా వాళ్లకూ మాక్‌తో సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చింది. వాళ్లు తమ లిపి వదులుకోలేదు, రూపాన్ని ఒకటిగా ఉంచుకునే పద్ధతి నేర్చుకున్నారు. పైగా పత్రిక పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కో వాలంటీర్ ఒక్కోలా రాస్తారు. ఒకరు దీర్ఘానికి రెండు అక్షరాలు వేస్తారు, ఒకరు వేయరు. వెతికేటప్పుడు ఏదీ దొరకదు. తెలుగులో రాస్తే అందరూ ఒకేలా రాస్తారు.

పద్ధతి ఇదీ. ముందు రెండు జూలై ఫోల్డర్లను చెక్‌సమ్‌తో డ్రై రన్‌లో (ఏమీ మార్చకుండా చూపించడం) పోల్చండి, ఏవి వేరో జాబితా వస్తుంది. రంగులు సరిచేసినవి మాక్ నుంచి వచ్చిన దాంట్లో ఉంటాయి కాబట్టి వేరుగా ఉన్నవాటిని మనిషి చూసి తేల్చాలి. 15 బైట్ల ఫోల్డర్ నుంచి 12 బైట్ల ఫోల్డర్‌లోకి అవసరమైనవి చేర్చండి. చేర్చడం అయ్యాక 15 బైట్లది పక్కకు జరిపి ఉంచండి, వెంటనే తుడవొద్దు. తర్వాత కన్వ్‌ఎంవీ అనే పనిముట్టుతో సర్వర్ మొత్తంలో పేర్లను కలిపిన రూపానికి, అంటే ఎన్‌ఎఫ్‌సీకి మార్చండి. అది మామూలుగా నడిపితే ఏం మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది. నోటెస్ట్ అన్న ఆప్షన్ ఇస్తేనే నిజంగా మారుస్తుంది. కాబట్టి ముందు చూసి, తర్వాత మార్చండి.

ఇక మీద మళ్లీ రాకుండా మాక్ ఆర్‌సింక్‌లో ఫైల్ పేర్ల రూపాన్ని మార్చే ఐకాన్వ్ ఆప్షన్ పెట్టాలి. విలువ: యూటీఎఫ్-8-మాక్, కామా, యూటీఎఫ్-8. ముందుది మాక్ వైపు, తర్వాతది సర్వర్ వైపు, ఫైళ్లు ఏ దిశలో వెళ్లినా ఈ వరస మారదు. పాత మాక్‌లతో వచ్చే ఆర్‌సింక్ 2.6.9, అందులో ఈ ఆప్షన్ లేదు. 3.0లో వచ్చింది. హోమ్‌బ్రూ (మాక్‌లో ప్రోగ్రాములు వేసుకునే పనిముట్టు) నుంచి కొత్తది వేసుకోండి.

ఓరుగల్లు_రూట్

వెర్షన్ మారిస్తే ఇంకో లాభం. 2.6.9 మొత్తం ఫైళ్ల జాబితా తయారయ్యేదాకా ఒక్క ఫైల్ కూడా పంపదు. 3.0 నుంచి ఫోల్డర్ వెంట ఫోల్డర్ చూస్తూనే పంపుతుంది. ఫైళ్లు లక్షల్లో ఉంటే తేడా బాగా తెలుస్తుంది.

లిపి_లోకం

మూడో సమస్య కూడా లిపిదే. ఎన్‌టీఎఫ్‌ఎస్, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లలో పేరుకు 255 సంకేతాలు పడతాయి. ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, కాబట్టి 85 సంకేతాలే పడతాయి. అక్షరాలు కాదు, సంకేతాలు. "క్షేత్రయ్య" కంటికి మూడు అక్షరాలు. లోపల వత్తులు, గుణింతాలు, పొల్లులు కలిపి 10 సంకేతాలు, 30 బైట్లు. వ్యాసం పేరు, రచయిత పేరు, సంచిక తేదీ అన్నీ ఫైల్ పేరులో పెడితే 255 ఇట్టే దాటుతుంది.

కార్గో_కాపీ

కొన్ని నాస్‌లలో (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలు) ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్ ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ మీద నడుస్తుంది. అక్కడ పేరుకు 143 బైట్లే. తెలుగులో 47 సంకేతాలు. మీ హైదరాబాద్ సర్వర్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలంటే మొత్తం డిస్క్‌ను లక్స్‌తో (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) చేయండి, అప్పుడు ఈ హద్దు రాదు.

పాతపత్రికలు

మా బృందంలో మాట్లాడుకున్నాం. ఫైల్ పేరులో పత్రిక పేరు, సంవత్సరం, నెల, పుట మాత్రమే తెలుగులో ఉంచుతాం. వ్యాసం, రచయిత వివరాలు ప్రతి సంచిక ఫోల్డర్‌లో ఒక సీఎస్‌వీ పట్టికలో రాస్తాం. వెతకడానికి అదే మేలని మా పేర్ల పని చూసే అమ్మాయి కూడా అంది. జూలై ఫోల్డర్లు పోల్చాం, రంగులు సరిచేసిన పుటలన్నీ క్షేమంగా ఉన్నాయి. పోలుస్తుంటే చాలా భయం వేసింది, ఇప్పుడు తేలికగా ఉంది.

రాత్రి కమాండ్‌లో ఇంకేమైనా మార్చాలా?

ఓరుగల్లు_రూట్

పార్షియల్-డిర్ పెట్టండి. అది లేకపోతే మధ్యలో లైన్ తెగినప్పుడు సగం వెళ్లిన ఫైల్‌ను ఆర్‌సింక్ పారేస్తుంది, 3 జీబీ సంపుటం మళ్లీ సున్నా నుంచి. టైమౌట్ 300 సెకన్లు పెట్టండి, బిగుసుకుపోతే 30వ ఎర్రర్ కోడ్‌తో బయటికొస్తుంది, స్క్రిప్ట్ మళ్లీ మొదలుపెట్టొచ్చు. క్రాన్ లైన్‌కు ముందు ఎఫ్‌లాక్ పెట్టండి, నిన్నటిది నడుస్తుండగా ఇవాళ్టిది పైన పడకుండా. కంప్రెషన్ ఆప్షన్ టిఫ్‌లు కుదించనివి అయితేనే వాడండి, పీడీఎఫ్, జేపెగ్‌లకు సీపీయూ దండగ.

భద్రత_ముందు

నాదొక్కటే అభ్యర్థన. సింక్ చేసిన కాపీని బ్యాకప్ అనుకోవద్దు. డిలీట్ ఆప్షన్ ఉంటే, విజయవాడలో పొరపాటున తుడిచింది రాత్రి 11కి హైదరాబాద్‌లోనూ పోతుంది. డిలీట్ ఆప్షన్ కావాలంటే దాంతోపాటు మ్యాక్స్-డిలీట్ 50 అని పెట్టండి, అంతకు మించి తుడవాల్సి వస్తే అది అక్కడితో ఆపి ఎర్రర్ ఇస్తుంది. బ్యాకప్-డిర్‌కు తేదీతో ఫోల్డర్ పేరు ఇస్తే తుడిచినవీ మారినవీ అందులోకి వెళ్తాయి. హైదరాబాద్‌లో స్థలం ఉంటే 90 రోజులు ఉంచండి. కార్గోలో పంపిన డిస్క్‌ను మాత్రం చెరిపి వేరే పనికి వాడకండి. ఎవరింట్లోనైనా బీరువాలో ఉంచి, ఏడాదికోసారి బయటకు తీసి చెక్‌సమ్ చూడండి.

డాలస్_తెలుగోడు

డీమన్ పద్ధతి, బీబీఆర్ రెండూ పెట్టాను. సెకనుకు 30 ఎంబీ దాటింది. మా ఫొటోల ఫోల్డర్లో కూడా "చెన్నై" రెండు ఉన్నాయి, లిపి_లోకం గారి పోస్టు చదివాకే చూశాను. కన్వ్‌ఎంవీ నడుపుతున్నా.

పాతపత్రికలు

భద్రత_ముందు గారూ, మీరు చెప్పినవన్నీ స్క్రిప్ట్‌లో చేర్చాం. డిస్క్ శనివారం బయల్దేరుతోంది. పోల్చడం పూర్తయ్యాక లాగ్ ఇక్కడే పెడతాను.